పదిమంది తిరిగే చోట కంప్యూటర్లు పోకుండా చూస్కోవటం ఎలా: లైబ్రరీలు, స్కూళ్లు, నెట్ సెంటర్లు నడిపేవాళ్ల కోసం పూర్తి గైడ్

తాళాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం అండి, ముందు నా కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట నేను మా గోదావరి డెల్టాలోనే ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసేవాణ్ణి, 40 సిస్టమ్స్ ఉండేవి. పిల్లలు సార్ ఇది స్లోగా ఉందండి అంటే వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టేవాళ్లం, వారం తిరక్కుండా మళ్లీ అదే మాట. ఒక శనివారం ఖాళీగా ఉండి ఒక దాని ప్రాపర్టీస్ తీసి చూస్తే 4 జీబీ ఉండాల్సిన ర్యామ్, అంటే లోపల తగిలించే మెమరీ ముక్క, 2 జీబీ చూపిస్తోంది. సీపీయూ వెనక్కి తిప్పాను. వెనకంతా వేలు పెడితే గీత పడేంత దుమ్ము, సైడ్ ప్యానెల్ అంచు మీద మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున దుమ్ము లేదు, తుడిచినట్టు నల్లగా మెరుస్తోంది. రెండు స్క్రూలుండాల్సిన చోట ఒకటే ఉంది. ఆ రోజు సాయంత్రం దాకా కూచుని 40కి 40 విప్పి చూస్తే 11 సిస్టమ్స్‌లో ఒక్కో ర్యామ్ లేదు. తలుపు తాళం ఎవరూ పగలగొట్టలేదు, కిటికీ ఊచ ఒక్కటి వంగలేదు, పోయిందంతా పట్టపగలు మేం అక్కడ ఉండగానే పోయింది.

దానికంటే పెద్ద తప్పు తర్వాత జరిగింది. ఎప్పుడు పోయాయో లెక్క లేదు కాబట్టి ఎవరు తీశారో చెప్పే దారీ లేదు, అందుకని అందరి చూపూ మా అటెండరు బాబాయ్ మీద పడింది, ఎందుకంటే ఊడ్చేది ఆయనే, తాళం తీసేది ఆయనే. ఒక్క రుజువు లేదు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, రెండు నెలలకి మానేసి వెళ్లిపోయాడు. లెక్క లేని చోట నింద ఎప్పుడూ జీతం తక్కువున్నోడి మీదే పడుద్ది, ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు మా ఊళ్లో రీడింగ్ రూమ్‌లో 14 కంప్యూటర్లు చూస్కుంటున్నాను, కోనసీమలో ఎవరైనా పిలిస్తే స్కూళ్లకి కూడా వెళ్లి సర్ది వస్తాను. కింద రాసిందంతా చేతులతో చేసి చూసిందే.

మొదటి పని లెక్క రాయటం

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, ఎక్సెల్ తర్వాత చేస్కోవచ్చు, ముందు పుస్తకం. ఒక్కో మిషన్‌కి ఒక పేజీ. కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, బిల్లు నంబరు, ఎక్కడ పెట్టారో ఆ టేబుల్ నంబరు. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్ అని 7 అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటది, స్టిక్కర్ చెరిగిపోతే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి, వెళ్తే మామూలుగా అక్కడ కనిపిస్తది. మానిటర్‌కి వేరే సీరియల్ ఉంటది, వెనకాల, దాన్ని చాలామంది రాయరు. ప్రింటర్, ప్రొజెక్టర్, యూపీఎస్, రౌటర్ కూడా రాయండి. సిమ్ వేసే ట్యాబ్‌లు ఉంటే డయలర్ ఉన్నవాటిలో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ అనే గుర్తింపు నంబరు వస్తది, డయలర్ లేకపోతే సెట్టింగ్స్‌లో అబౌట్ కింద దొరుకుద్ది. అది రాసి పెట్టుకుంటే రేపు పోయినా టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించొచ్చు.

ఇంకా ముఖ్యం, లోపల ఏముందో రాయండి. విండోస్ 10, 11లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కితే మొత్తం ఎన్ని జీబీ, ఎన్ని స్లాట్లు వాడారు అనేది కుడి పక్కన చూపిస్తది. 8 జీబీ, 4 స్లాట్లలో 2 అని పుస్తకంలో రాసుకోండి. నెలకొకసారి ప్రతి మిషన్‌లో ఇది చూడటం, ఎస్‌ఎస్‌డీ (ఫైల్స్ ఉండే డిస్క్) సైజు కూడా చూడటం, ఇంతే పని, మొత్తం 14కి నాకు అరగంట పడుద్ది. ఈ అరగంట అప్పట్లో పెట్టి ఉంటే ఏ నెలలో పోయిందో తెలిసేది, ఏ బ్యాచ్ టైంలోనో తెలిసేది, బాబాయ్ మీద ఎవరూ వేలు చూపించేవాళ్లు కాదు.

బిల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కొన్ని షాపుల్లో ఇచ్చే థర్మల్ పేపరు బిల్లు ఏడాదికల్లా వెలిసిపోయి తెల్ల కాయితం అయిపోద్ది, కొన్న రోజే జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫోటో తీసి మెయిల్‌కి పంపుకోండి.

పేరు కొట్టించటం

మన ఇళ్లల్లో పెళ్లికి ఇచ్చే బిందె మీదా పళ్లెం మీదా పేరు, తారీకు కొట్టిస్తాం కదా, అదే పని కంప్యూటర్లకి కూడా. స్టీలు సామాన్ల షాపులో పేరు చెక్కే చిన్న కరెంటు పెన్ను ఉంటది, ఒక గంట బతిమాలితే ఇస్తారు, లేదా ప్యానెళ్లు పట్టుకెళ్తే వాళ్లే కొట్టిస్తారు. సీపీయూ సైడ్ ప్యానెల్ మీద, మానిటర్ వెనకాల, ప్రింటర్ అడుగున సంస్థ పేరు, ఊరు, నంబరు పెద్దగా చెక్కండి. సిగ్గుపడి ఎక్కడో మూల చిన్నగా రాయొద్దు, పాత సామాను కొనేవాడికి అది దూరం నుంచే కనబడాలి, అమ్ముకోవటం కష్టం అనిపిస్తే తీసేవాడు అక్కడే ఆగిపోతాడు.

రెండు జాగ్రత్తలు. ప్యానెల్ విప్పి పక్కకి తెచ్చి చెక్కండి, సీపీయూకి ఉండగా చెక్కితే ఇనప రజను మదర్‌బోర్డు మీద పడి షార్ట్ అవుద్ది. ల్యాప్‌టాప్ మూత మీద అస్సలు వద్దు, వెనకాలే డిస్‌ప్లే ఉంటది, అడుగు భాగం మీద పర్మినెంట్ పెయింట్ మార్కర్‌తో రాసి పైన ట్రాన్స్‌పరెంట్ టేప్ వేయండి. వారంటీ ఉంటే ముందు షాపోడిని అడిగి చెక్కించండి.

గది సర్దే విధానం

తాళాల మీద పెట్టే డబ్బులో సగం గది సరిగ్గా సర్దితే మిగిలిపోద్ది. ఇన్‌ఛార్జి కుర్చీ తలుపు పక్కనే ఉండాలి, అందరూ ఆయన ముందు నుంచే బయటికి వెళ్లాలి. చాలా చోట్ల ఇన్‌ఛార్జి లోపలి మూల ఫ్యాన్ కింద కూచుంటాడు, తలుపు ఆ చివరెక్కడో ఉంటది. రెండో తలుపు ఉంటే జనం ఉన్నప్పుడు బయట నుంచి లోపలికి రాకుండా గెడ పెట్టుకోండి గానీ లోపల నుంచి ఎవరైనా గెడ తీసి బయటపడగలిగేలా ఉండాలి, షార్ట్ సర్క్యూట్ అయి మంటలొస్తే పిల్లలు ఇరుక్కోకూడదు, ఏ కంప్యూటరూ అంత విలువైంది కాదు.

టేబుళ్లు గోడ వారనే వేసి స్క్రీన్లు గది మధ్యకి కనపడేలా పెట్టండి. సైబర్ కేఫ్‌ల కోసం కేంద్రం 2011లో పెట్టిన రూల్స్‌లో కూడా ఇదే ఉంది, క్యాబిన్ల అడ్డుగోడలు నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు, క్యాబిన్లు లేని చోట స్క్రీన్లు బయటికి తిరిగి ఉండాలి, వచ్చినవాళ్ల ఐడీ చూసి రిజిస్టర్‌లో రాసి కనీసం ఏడాది దాచాలి. నెట్ సెంటర్ వాళ్లకి అది తప్పనిసరి, లైబ్రరీ వాళ్లు కూడా పేరు, టేబుల్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము రాయించుకుంటే మంచిది.

బ్యాగులు బయట పెట్టించండి. చెప్పులు ఎలాగూ గుమ్మం బయటే వదుల్తారు, ఆ పక్కనే ఒక ర్యాకు, నంబరు చెక్కలు, అంతే, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకటి మాత్రం మనస్ఫూర్తిగా చెప్తున్నా, పిల్లల జేబులు తడమొద్దు. దొంగని చూసినట్టు చూస్తే ఆ పిల్లోడు మళ్లీ లైబ్రరీ గుమ్మం తొక్కడు. లైబ్రరీ ఉద్యమానికి పితామహుడు అని చెప్పుకునే అయ్యంకి వెంకట రమణయ్య గారు మన కొంకుదురులో పుట్టిన మనిషి, పుస్తకం అందరికీ అందాలని జీవితాంతం తిరిగారు, ఆయన పుట్టిన జిల్లాల్లో రీడింగ్ రూమ్ అనేది జైలులా ఉండకూడదు. కాపలా అంతా సామాన్ల మీద పెట్టండి, మనుషుల మీద కాదు.

కట్టేయటం

ఇది ఎక్కువ చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే అందరూ చేస్తారు, చాలామంది తప్పు చేస్తారు.

ల్యాప్‌టాప్ పక్కన చిన్న చిల్లు ఒకటి ఉంటది చూడండి, 7 మిల్లీమీటర్ల పొడవు 3 మిల్లీమీటర్ల వెడల్పు, అది కెన్సింగ్టన్ లాక్ అనే వైరున్న తాళం కోసం, 1990ల నుంచి వస్తోంది. లాక్ తల టీ ఆకారంలో ఉంటది, దూర్చి తిప్పితే లోపల అడ్డం తిరుగుద్ది. కొత్త సన్న ల్యాప్‌టాప్‌లలో ఈ చిల్లు ఇంకా చిన్నది లేదా వేరే ఆకారం, కొన్నిట్లో అసలు ఉండదు, కాబట్టి లాక్ కొనే ముందు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పెట్టి చూసి కొనండి. చిల్లు లేనివాటికి అంటించే ప్లేటు దొరుకుద్ది, అంటించే ముందు స్పిరిట్‌తో తుడిచి, అంటించాక ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. నంబర్ లాక్ కంటే తాళం చెవి లాక్ మేలు అంటాను నేను, పదిమంది వాడే చోట నంబరు రెండో రోజుకి అందరికీ తెలిసిపోద్ది.

డెస్క్‌టాప్ అయితే సీపీయూ క్యాబినెట్ వెనక చిన్న ఇనప చెవి బయటికి వచ్చి ఉంటది, దాన్లో తాళం కప్ప వేస్తే సైడ్ ప్యానెల్ రాదు. చాలా ల్యాబుల్లో ఆ చెవి ఉందని కూడా తెలీదు. ఆ కాలేజీలో ఉన్నవాటికి కూడా ఉంది, 40 చిన్న కప్పలు వేసి ఉంటే 11 ర్యామ్‌లు పోయేవి కాదు. చెవి లేని క్యాబినెట్‌లకి చేత్తో తిప్పే స్క్రూలు తీసేసి, మధ్యలో పుల్ల ఉండే నక్షత్రం స్క్రూలు వేయండి, మామూలు స్టార్ స్క్రూ డ్రైవర్‌తో రావు. దాని బిట్ బీరువాలో పెట్టండి, సిస్టమ్ పక్కన కాదు. కొన్ని ఆఫీసు మోడళ్లలో మూత తెరిస్తే చెప్పే సెన్సర్ ఉంటది, బయోస్‌లో ఛాసిస్ ఇంట్రూజన్ అని ఉంటే ఆన్ చేసి బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టండి.

ఇప్పుడు దేనికి కట్టాలి అనేది. రేకు టేబుల్ కాలికి స్టీలు వైరు చుట్టి తాళం వేస్తారు, టేబుల్ ఒక పక్క ఎత్తితే లూప్ కింద నుంచి జారిపోద్ది, రెండు సెకన్ల పని. పార్టికల్ బోర్డు టేబుల్‌కి స్క్రూ కొడతారు, మన గాలిలో తేమకి ఆ బోర్డు ఉబ్బిపోయి రెండు వానాకాలాలకి స్క్రూ చేత్తో లాగినా వచ్చేద్ది. స్క్రూ వద్దు, బోల్టు కావాలి, టేబుల్ చెక్క ఇటు నుంచి అటు పొడిచి, అడుగున జానెడు ఇనప పట్టీ పెట్టి, నట్టు బిగించి, బయటికొచ్చిన మర మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టండి, నట్టు తిరగదు. గోడకి అయితే యాంకర్ బోల్టు, సున్నం పూతకి కాదు, ఇటుక లోపలికి దిగాలి.

వైరు 4 నుంచి 6 ఎంఎం స్టీల్ వైర్ రోప్, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నది తీస్కోండి, పెద్ద హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన కోసిస్తారు. చివర లూప్‌కి యూ క్లాంప్ వేస్తే స్పానర్‌తో ఎవడైనా విప్పుతాడు, కాబట్టి దానికీ మర మీద దెబ్బలు కొట్టాలి. 14 సిస్టమ్స్‌కి ఒకటే వైరు వేయొద్దు, ఒక కప్ప పోతే అన్నీ పోతాయి, రిపేరుకి ఒకటి తీయాలన్నా అన్నీ విప్పాలి. నేను మూడు, నాలుగు కలిపి ఒక వైరు వేస్తాను. మానిటర్‌కి వెనకాల బ్రాకెట్ బిగించటానికి వేసా (VESA) అనే చిల్లులు నాలుగు ఉంటాయి, 75 లేదా 100 ఎంఎం దూరంలో, వాటికి గోడ బ్రాకెట్ వేసి బిగిస్తే దొంగకి ఇబ్బందీ, టేబుల్ మీద చోటూ. బోల్ట్ కట్టర్ తెచ్చుకున్నవాడికి ఈ వైరు నిమిషం పని, నిజమే. కానీ పట్టపగలు నలుగురిలో బోల్ట్ కట్టర్ ఎవడూ తీయడు, అందుకే ఈ వైరు పగటి కోసం, రాత్రికి తలుపు.

తుప్పు గురించి మన డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, అంతర్వేది పక్కా నరసాపురం పక్కా ఉప్పు గాలికి మామూలు ఇనప కప్ప ఏడాదిలో బిగిసిపోద్ది, తర్వాత ఏం చేస్తారంటే తాళం వేసినట్టు తగిలించి వదిలేస్తారు. ఇత్తడి కప్ప కొనండి. దాన్లో కొబ్బరి నూనె పోయొద్దు, మనకి చేతికి అందేది అదే అయినా, ధనుర్మాసం చలికి పేరుకుంటది, దుమ్ము పట్టి లోపల జిగురైపోద్ది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క, లేదా పెన్సిల్ ములుకు నూరి ఆ పొడి, రెండిట్లో ఏదో ఒకటి.

చిన్నవి, బరువైనవి

ముందు పోయేది మౌస్. 300 రూపాయల సామానే, కానీ 14 మందిలో నలుగురికి మౌస్ లేకపోతే క్లాస్ నడవదు. వైర్‌లెస్ కొనొద్దు, ఆ చిటికెన గోరంత డాంగిల్ పోతే మౌస్ ఉన్నా లేనట్టే. వైరున్న మౌస్, కీబోర్డు తీస్కుని, కప్ప వేసే చెవికే వాటి వైర్లు కూడా కేబుల్ టైతో కట్టండి, లాగినప్పుడు యూఎస్‌బీ పిన్ను మీద బరువు పడకుండా కొంచెం వదులు ఉంచాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద టేబుల్ నంబరు రంగుతో రాయండి. పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్ సంతకం పెట్టించుకుని ఇవ్వటమే.

ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి వేరు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కేజీల పైనే ఉంటది, ఎవడు మోస్తాడులే అనుకుంటాం, కానీ సీసం కేజీ లెక్కన పాత సామాను కొట్లో వెంటనే డబ్బవుద్ది, చేపలు, రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లు, రాగి వైర్లు ఎత్తుకుపోయేవాళ్లు చూసేది కూడా అదే. వెల్డింగ్ షాపులో ఊచల పంజరం చేయించి నేలకి బోల్టు వేయించండి. నాలుగు పక్కలా మూసిన పెట్టె మాత్రం చేయించొద్దు, ఛార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తది, గాలి ఆడాలి.

కెమెరా

కెమెరా దొంగతనం ఆపుతుందనే భ్రమ వద్దు, జరిగాక చెప్పటానికి పనికొస్తది, అది కూడా సరిగ్గా పెడితే. ఎక్కువ చోట్ల సీలింగ్ మూల పెడతారు, నడినెత్తి, టోపీ కనిపిస్తాయి, మొహం కనపడదు. ఒకటి మాత్రం తలుపు దగ్గర సుమారు 7 అడుగుల ఎత్తులో, బయటికి వెళ్లేవాడి మొహం పడేలా పెట్టండి. తలుపు వెలుగుకి ఎదురుగా పెడితే మొహాలు నల్లగా పడతాయి, కొంచెం పక్కకి జరపండి లేదా సెట్టింగ్స్‌లో వెలుగు, నీడ సర్దే డబ్ల్యూడీఆర్ ఆన్ చేయండి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటుకి పురుగులు, పురుగులకి సాలీళ్లు, పది రోజులకి కెమెరా ముందు గూడు, ఇక రాత్రంతా తెల్ల పొగే, వారానికోసారి చీపురు తగిలించండి.

కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్ బాక్సుని ఇన్‌ఛార్జి టేబుల్ మీద పెట్టొద్దు, దొంగ ముందు దాన్నే పట్టుకెళ్తాడు. వేరే గదిలో తాళం పెట్టెలో, చిన్న యూపీఎస్ మీద. దాని గడియారం సరైన టైము చూపిస్తోందో లేదో నెలకోసారి ఫోన్ పక్కన పెట్టి చూడండి, గంటన్నర తేడా ఉన్న వీడియో పట్టుకెళ్తే పోలీసుల ముందు మనమే వివరణ ఇచ్చుకోవాలి. ఎన్ని రోజుల రికార్డింగ్ నిలుస్తోందో కూడా వెనక్కి వెళ్లి చూడండి, సెలవులకంటే తక్కువ ఉంటే హార్డ్ డిస్క్ పెంచాలి.

తలుపులు, తాళం చెవులు, పట్టుకెళ్లేవాళ్లు

కప్ప ఎంత ఖరీదైనా గొళ్లెం స్క్రూలు బయటికి కనపడుతుంటే దొంగ కప్పని ముట్టుకోడు, స్క్రూలు విప్పుతాడు. ఇటు నుంచి అటు బోల్టు వేయించి నట్టు లోపల వచ్చేలా చేయించండి. పెంకుటింట్లో నడిచే లైబ్రరీలు ఇంకా ఉన్నాయి మనకి, అక్కడ పైన పెంకు తీస్తే దారే, కాబట్టి ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్ రాత్రికి గోడకి బోల్టు వేసిన బీరువాలోకి వెళ్లిపోవాలి.

తాళం చెవి ద్వారబంధం పైన, పూలకుండీ కింద, పక్క కిళ్లీ కొట్లో, ఈ మూడు చోట్లా ఉండకూడదు, ఊరందరికీ తెలుసు. చెవులు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి అనేది అదే పుస్తకంలో మొదటి పేజీలో సంతకాలతో ఉండాలి. మనిషి మారితే కప్ప మారాలి.

ఇంకో రకం ఉంది, మెళ్లో ఐడీ కార్డు వేసుకుని వచ్చి సర్వీస్‌కి తీసుకెళ్తున్నామండి, సార్ చెప్పారు అని సీపీయూ చంకన పెట్టుకుని నడిచి వెళ్లిపోవటం. మన వాళ్లు మర్యాదకి తలుపు కూడా తెరిచి పట్టుకుంటారు. దీనికి ఒకటే మందు, చీటీ. ఇన్‌ఛార్జి సంతకం, సీరియల్ నంబరు, తీసుకెళ్లేవాడి పేరు, ఫోన్, ఏ తేదీకి తిరిగొస్తుంది, రెండు కాపీలు. చీటీ లేకుండా ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి అడిగినా సామాను గుమ్మం దాటదు అని అటెండరుకి అందరి ముందూ చెప్పండి, ఆయన అడిగితే ఎవరూ కోప్పడకూడదు అని కూడా చెప్పండి, లేకపోతే పాపం ఆయన అడగలేడు.

రోజూ మూసే ముందు

గది మూసే ముందు మూడు నిమిషాలు, ఇద్దరు మనుషులు. ఒకళ్లు టేబుల్ టేబుల్‌కీ నడుస్తూ మానిటర్, సీపీయూ, కీబోర్డు, మౌస్, వైరు అని పైకి చెప్పాలి, రెండోవాళ్లు పుస్తకంలో టిక్ పెట్టాలి. వైరు అన్నప్పుడు చేత్తో ఒకసారి లాగి చూడాలి, కళ్లతో కాదు. చివర ఇద్దరి సంతకాలు. ఒంటరిగా లెక్కపెట్టే పద్ధతి పెట్టొద్దు, రేపు ఏదన్నా పోతే ఆ ఒక్కడి మాటకి తోడుండదు. మా దగ్గర చివరి దాకా ఉన్న స్టూడెంట్ ఎవరో ఒకళ్లు రెండో సంతకం పెడతారు, వాళ్లకి అదో గౌరవం, సామాను మనది అన్న భావం కూడా వస్తది.

సంక్రాంతి, వరద

పండగకి స్కూళ్లకి పది రోజులు సెలవు, ఊరంతా పందేల దగ్గరో, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనో ఉంటది, మైకుల మోతకి తలుపు పగిలినా వినపడదు. సెలవులకి ముందు రోజు బీరువాలో పట్టేవన్నీ బీరువాలోకి, మిగతావి ఒకే కాంక్రీటు గదిలోకి మార్చి, కర్టెన్ దించి, సెలవుల్లో రెండు రోజులకోసారి ఎవరు వచ్చి చూస్తారో పేరు రాసి పెట్టండి.

వరద ఇంకా కష్టం, ఎందుకంటే అప్పుడు సామాను మనమే బయటికి తీస్తాం, సాయానికి వచ్చిన పాతిక మంది చేతులు పడతాయి, స్కూలేమో పునరావాస కేంద్రం అయిపోద్ది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో అందరం చూశాం కదా. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉన్నవాళ్లు మొదటి హెచ్చరికకే కదలండి, రెండోదాని దాకా ఆగితే హడావిడిలో లెక్క ఉండదు. నంబరు వేసిన ప్లాస్టిక్ కవర్లు, ఏ నంబరు ఎవరింటి మేడ మీదకి వెళ్లిందో పుస్తకంలో రాసి, పుస్తకం మాత్రం మీ చేతి సంచిలో.

లోపలున్న సమాచారం

మిషన్ పోతే కొనుక్కోవచ్చు. నెట్ సెంటర్‌లో పెన్షన్‌కి అప్లై చేసిన ముసలమ్మ ఆధార్, బ్యాంకు పుస్తకం స్కాన్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి, హార్డ్ డిస్క్ పోతే అవి కూడా పోయినట్టే, ఆవిడకి ఆ సంగతే తెలీదు. పని అవ్వగానే ఫైల్స్ తీసేయటం, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయటం అలవాటు చేస్కోండి. విండోస్ ప్రో ఉంటే డిస్క్‌లో ఉన్నది వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి, 48 అంకెల రికవరీ కీ వస్తది, దాన్ని ఆ కంప్యూటర్‌లోనే సేవ్ చేయకుండా కాయితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లలో ఫైండ్ మై డివైస్ ఆన్ చేయండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, మిషన్ నెట్‌కి తగిలితేనే చూపిస్తది.

మీ సొంత ల్యాప్‌టాప్‌తో తిరిగేటప్పుడు బస్సులో పైన ర్యాకులో పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకోండి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కేటప్పుడు బ్యాగు బండి హ్యాండిల్‌కి తగిలించి టికెట్టుకి వెళ్తుంటారు చాలామంది, దయచేసి భుజానే ఉంచుకోండి.

ఇన్ని చేసినా పోతే

గది ఊడ్పించొద్దు, ఏదీ ముట్టుకోవద్దు, 112కి ఫోన్ చేయండి లేదా స్టేషన్‌కి వెళ్లండి. కంప్లయింట్‌లో పుస్తకంలో ఉన్న సీరియల్ నంబర్లు, చివరగా లెక్క సరిపోయిన రోజు, టైము, ఇద్దరి సంతకాల పేజీ జిరాక్స్ పెట్టండి. ఎవరి మీదన్నా అనుమానం ఉందా అని అడుగుతారు, రుజువు లేకుండా పేరు చెప్పకండి, ముఖ్యంగా మీ దగ్గర పనిచేసే చిన్న ఉద్యోగి పేరు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం కదా, భారతీయ న్యాయ సంహిత 303 కింద దొంగతనానికి మామూలుగా 3 ఏళ్ల దాకా జైలు, ప్రభుత్వ లేదా స్థానిక సంస్థ ఆస్తి అయితే 305 కింద 7 ఏళ్ల దాకా. కాబట్టి పంచాయతీ సామాను అయితే ఆ మాట కంప్లయింట్‌లో స్పష్టంగా రాయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీస్కోండి. డీవీఆర్ రికార్డింగ్ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం అనే సాక్ష్యాల చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, పాతదాని మీద కొత్త రికార్డింగ్ పడకముందే ఆ బాక్సు ఆపి పోలీసులకి చెప్పండి.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఇది ముందే చూస్కోవాలి, మామూలు బర్గ్లరీ పాలసీలో బలవంతంగా తలుపో కిటికీయో పగలగొట్టిన గుర్తులుంటేనే డబ్బులిస్తారు, పట్టపగలు ఎత్తుకెళ్లిన ల్యాప్‌టాప్‌కి అది పనికిరాదు, దొంగతనం కూడా కలిపారా లేదా అని పాలసీ కాయితంలో చదివి కొనండి.

రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు అమ్మే షాపులకి సీరియల్ నంబర్లు, చెక్కిన పేరు ఫోటో పంపించండి, తెలిసి దొంగ కంప్యూటర్ కొన్నా ఐటీ చట్టం 66బీ కింద 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి షాపులవాళ్లూ జాగ్రత్తపడతారు. సామాను దొరికితే వెంటనే చేతికి రాదు, కేసు నడిచేటప్పుడు స్టేషన్‌లోనో కోర్టు దగ్గరో ఉండిపోద్ది. మేజిస్ట్రేట్ కోర్టులో ఇంటీరిమ్ కస్టడీకి, అంటే కేసు తేలేలోపు సామాను మన దగ్గర ఉంచుకోవటానికి, పిటిషన్ వేయాలి, అక్కడ వాళ్లు అడిగేది ఒకటే, ఇది మీదే అనటానికి ఏముంది అని. అప్పుడు ఆ జిరాక్స్ బిల్లు, పుస్తకంలో సీరియల్ నంబరున్న పేజీ, ప్యానెల్ మీద చెక్కిన పేరు ఫోటో, ఈ మూడూ పిన్ కొట్టి ఇవ్వండి.